తిట్ల జల్లెడ

18 ఏళ్లు దాటినవారి వీడియో ఆటల్లో ఆటగాళ్లు ఒకరికొకరు మాటలు రాసుకుంటారు. వాటిలోని తిట్లను వడపోసే ప్రోగ్రాం చాలా ఆటల్లో ఉంటుంది. జాబితాలోని మాట కనబడితే చాలు, అక్కడ నక్షత్రం గుర్తులు పెట్టేస్తుంది. అయితే దానికి తెలిసింది అక్షరాలే, అర్థం కాదు! 1996లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణవాసులు అమెరికా ఆన్‌లైన్ సంస్థలో ఖాతాలు తెరవలేకపోయారు. కారణం? ఆ ఊరి పేరు మధ్యలో ఒక బూతుమాట అక్షరాలు ఉండటమే.

ఇక తెలుగు సంగతి చూద్దాం. జాబితాలో 'కుక్క' చేర్చారనుకోండి. నల్లగొండ జిల్లా కుక్కడం గ్రామస్థుడు తన ఊరి పేరే రాసుకోలేడు. వంటింటి కుక్కరుకూ అదే గతి! పోనీ, మాట మొత్తం సరిపోతేనే ఆపమందామా? అప్పుడు 'కుక్కవి' అని తిట్టినవాడు తప్పించుకుంటాడు. తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కుపోతాయి కదా! అందుకే వాక్యం మొత్తాన్ని పరిశీలించే పద్ధతులు కూడా నేడు వచ్చాయి.

మరి 'పంది'ని ఆపితే, పెళ్లింట్లో ఏది మాయమవుతుందో మీరే చెప్పండి!