మిస్సింగ్ ముచ్చట్లు

నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే, ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ వేస్తున్నట్టు లెక్క. నాలుగూ కలిస్తే వంద. ఒక్క సిలిండరు మొరాయించినా పాతిక పోయినట్టే. బండి వణుకుతుంది, లాగదు, పెట్రోలు తాగుతుంది. ‘మిస్సింగ్ కొడుతోంది సార్’ అని మెకానిక్కు తేల్చేస్తాడు. ఎందుకు కొడుతోందో తేల్చడంలోనే ఉంది అసలు పని.

ఇగ్నిషన్ రిపేరు వయసు దాదాపు కారు వయసంత. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండెక్కి, ఇద్దరు కొడుకులతో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే తన మేజోళ్ల పట్టీ తీసి దానికి చుట్టింది. ఆ రోజుల్లో షెడ్డుకు తీసుకెళ్దామన్నా షెడ్డంటూ ఒకటి ఉండాలిగా!

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. ప్లగ్గు దగ్గర కావలసింది పది, ఇరవై వేలు, ఒక్కోసారి అంతకుమించి. ఈ గారడీ చేసేది కాయిల్. లావు తీగ చుట్లు కొన్ని వందలు, సన్నతీగ చుట్లు కొన్ని వేలు. చిత్రమేమిటంటే, కరెంటు ఇచ్చినప్పుడు రవ్వ రాదు. ఇచ్చిన కరెంటును టక్కున ఆపినప్పుడే వస్తుంది. దీని మూలరూపాన్ని 1836లో ఐర్లాండులోని మేనూత్‌లో తయారుచేసినవాడు నికొలస్ కాలన్. వృత్తికి క్రైస్తవ పూజారి, సైన్సు పంతులు కూడా.

అంబాసిడర్ల కాలంలో ఆ ‘టక్కున ఆపే’ పని పాయింట్లది. అవి కాలిపోతే ఎమరీ కాగితంతో రుద్ది, సందు సరిచూసి, మళ్లీ బిగించేవాళ్లు. పక్కనే ఉండే చిన్న కండెన్సర్ పోయిందంటే మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు. పాయింట్లు మళ్లీ కాలేవి, రవ్వ నీరసించేది. పావలా సామాను కారును రోడ్డు మీద నిలబెట్టేసేది.

ప్లగ్గు ఊడదీసి, ఇంజను ఒంటికి ఆనించి, సెల్ఫు కొట్టించి, నీలం రవ్వ కనబడగానే ‘కరెంటు బ్రహ్మాండం’ అనేయడం మనకు అలవాటు. ఇందులో ఒక మోసం ఉంది. ప్లగ్గు సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. బయటి గాలిలో ఆ సందు దాటడానికి నాలుగైదు వేల వోల్టులు సరిపోతాయి. సిలిండర్లో గాలి గట్టిగా అదిమి ఉంటుంది కాబట్టి అదే సందుకు దానికి కొన్ని రెట్లు కావాలి. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే లోపలికి అంత గాలి, అంత ఒత్తిడి. అందుకే ఇంటి ముందు నిలిపినప్పుడు పిల్లిలా గుర్రుమనే కారు తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు దగ్గుతుంది. ఆ మోసం పట్టడానికే స్పార్క్ టెస్టర్ ఉంది: సందు కావాలనే చాలా ఎక్కువ పెట్టి ఉంటుంది. దాన్ని దూకిన రవ్వనే నమ్మాలి. చేత్తో తీగ పట్టుకుని చూసే సాహసం మాత్రం వద్దు. కొత్త బండ్లలో రవ్వకు దారి లేకుండా సెల్ఫు కొడితే కాయిలే పోవచ్చు.

సీఎన్‌జీ బండ్లకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. పెట్రోలు మీద బాగానే నడిచే ప్లగ్గు గ్యాస్ మీదికి మార్చగానే మిస్సింగ్ మొదలుపెట్టిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. గ్యాసును అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి.

చీకట్లో బానెట్ ఎత్తి, ప్లగ్గు తీగల మీద నీళ్లు సన్నగా చిలకరిస్తే, పగిలిన చోట నీలిమెరుపులు నాట్యం చేస్తాయి. పాత బండ్లకు ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. వానాకాలంలో మొరాయించే కారు గుట్టు చాలాసార్లు ఇదే. ఎలుక కొరికిన తీగలకు ఈ పరీక్ష కూడా అనవసరం, కంటికే కనబడతాయి.

ప్లగ్గు మీది హీట్ నంబరు చదవడంలో ఓ తిరకాసు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు ‘చల్లన’. బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగేకొద్దీ ‘వేడి’. ఒకదాని నంబరు చూసి ఇంకోటి కొంటే తలకిందులవుతుంది. మొన మరీ చల్లగా ఉంటే మసి పడుతుంది, మరీ వేడెక్కితే రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది. లేత గోధుమరంగులో ఉంటే మాత్రం దాని జోలికి పోకండి.

ఇప్పటి కార్లలో ఏ సిలిండరు తప్పిందో కంప్యూటరే చెబుతుంది. రవ్వను చూసి మాత్రం కాదు. క్రాంక్ షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో క్షణక్షణం కొలుస్తూ, ఫలానా సిలిండరు వంతు వచ్చినప్పుడు వేగం రవ్వంత తగ్గితే దాని పేరు రాసుకుంటుంది. గతుకుల రోడ్డు మీద కూడా షాఫ్ట్ తడబడుతుంది కదా? అందుకే కొన్ని కార్లు చక్రాల సెన్సర్లను కూడా అడిగి, ఇది రోడ్డు తప్పని తేలితే లెక్క ఆపేస్తాయి. పీ0301 అని కోడ్ వస్తే ఒకటో సిలిండరు, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఏదో ఒక్కదానికి పరిమితం కానిది. చెక్ ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటుంటే తొక్కడం ఆపాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. కాయిల్ ఖర్చుకు ఎన్నో రెట్లు బిల్లవుతుంది.

ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండికి నాకు బాగా నచ్చిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒకటో సిలిండరు కాయిల్ మూడోదానికి, మూడోది ఒకటికి పెట్టి, కోడ్ చెరిపి, కాస్త తిప్పి చూడాలి. కోడ్ మూడుకి మారితే దొంగ కాయిలే. ఒకటి దగ్గరే ఉండిపోతే ప్లగ్గు, ఆపైన ఇంజెక్టర్, చివర్న కంప్రెషన్. ఇది చేయకుండా నాలుగు కాయిళ్లూ మార్చేద్దామనే షెడ్డుకు ఓ నమస్కారం పెట్టి వచ్చేయడం మంచిది.

పిస్టన్ ఇంజను ఉన్న చిన్న విమానాల్లో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, వాటికి బ్యాటరీతో పనిలేకుండా రవ్వకు కరెంటు పుట్టించే రెండు మాగ్నెటోలు. ఎగిరేముందు పైలట్ ఒక్కోదాన్ని ఆపి చూస్తాడు. ఇంజను వేగం కొద్దిగా తగ్గాలి. అస్సలు తగ్గకపోతే సంతోషించడు, అనుమానిస్తాడు: ఆపామనుకున్న మాగ్నెటో ఆగలేదేమో! అలాంటి విమానంలో తాళం తీసేసినా, ప్రొపెల్లర్‌ను చేత్తో కదిలిస్తే ఇంజను అంటుకునే ప్రమాదం ఉంది.

డీజిల్ కారుకు మిస్సింగ్ వచ్చిందని స్పార్క్ ప్లగ్గులకు ఎవరైనా బిల్లు వేస్తే ఆ కాగితం దాచుకోండి. డీజిల్ ఇంజనులో రవ్వే ఉండదు, గాలిని అదిమిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి పని ముఖ్యంగా చలిపొద్దున స్టార్టింగు వరకే.