దేహము, శరీరము: పౌలు పత్రికల తెలుగు అనువాదంలో ఒక పదసమస్య

తెలుగు క్రైస్తవ ప్రసంగాలలో ‘శరీరం’ అనే మాట తరచు నిందార్థంలో వినబడుతుంది. శరీరమే పాపమనీ, దానిని అణచడమే భక్తి అనీ విశ్వాసులు భావించడానికి ఈ వాడుక కొంత కారణం. క్రైస్తవ సిద్ధాంతం మాత్రం దేహాన్ని దైవసృష్టిగా, గౌరవించదగినదిగా పరిగణిస్తుంది. ఈ వైరుధ్యం వెనుక అనువాద సమస్య ఒకటి ఉంది.

పౌలు గ్రీకులో రెండు పదాలు వాడాడు. ‘సోమ’ అంటే దేహం. ‘సార్క్స్’ అంటే వాచ్యార్థంలో మాంసం. ఆయన రచనలలో అది పలుచోట్ల దేవునికి ఎదురుతిరిగిన మానవ స్వభావాన్ని సూచిస్తుంది. బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో గలతీ పత్రిక 5వ అధ్యాయంలోని ‘సార్క్స్’కూ, రోమా పత్రిక 12వ అధ్యాయంలో సజీవ యాగంగా సమర్పించవలసిన ‘సోమ’కూ ‘శరీరము’ అనే మాటే కనిపిస్తుంది. ఒకచోట విసర్జించవలసినది, మరొకచోట దేవునికి అర్పణ. గలతీ పత్రికలోని ‘శరీర కార్యముల’ పట్టికలో జారత్వం, మత్తు మాత్రమే కాక ద్వేషం, అసూయ, కక్షలు కూడా ఉన్నాయి. ఇవి ప్రధానంగా మనసుకు సంబంధించిన దోషాలు. కాబట్టి అక్కడ నింద రక్తమాంసాలపై కాదు.

‘సార్క్స్’ కూడా ప్రతిచోటా దూష్యం కాదు. యోహాను సువార్త 1వ అధ్యాయంలో వాక్యం ధరించినది ‘సార్క్స్’నే. రెండవ శతాబ్దిలో ఇరేనియస్ జ్ఞానవాదులను ఖండించినప్పుడు ఈ అవతారమే ఆయనకు ముఖ్యాధారమైంది.

మొదటి కొరింథీ పత్రిక నేపథ్యం గమనించదగినది. దేహాన్ని ఆత్మకు సమాధిగా చెప్పే ‘సోమ–సేమ’ అనే శ్లేషను ప్లేటో ప్రస్తావించాడు. పౌలు సమాధిని కాక ఆలయాన్ని ఉపమానంగా ఎంచుకున్నాడు. అందుకు 6వ అధ్యాయంలో ఆయన వాడిన ‘నవోస్’ ఆవరణతో కూడిన ఆలయమంతటికీ వాడే పదం కాదు. దైవసన్నిధి నెలకొన్న లోపలి మందిరానికి వాడేది. మన ‘గర్భాలయం’ దానికి దగ్గరి మాట. తెలుగు అనువాదకులు ఇక్కడ ‘దేహము’ అనడం సముచితంగా ఉంది. ఆ తేడాను అన్నిచోట్లా పాటించి ఉంటే బాగుండేది.

‘దేహమే దేవాలయం’ అన్న నానుడి తెలుగువారికి సుపరిచితమే. అయితే రెండింటినీ ఒకటిగా చూడడం తొందరపాటు. ఆ నానుడికి మూలమైన భావనలో లోపలి జీవుడే దైవం. పౌలు దృష్టిలో దేహం వెలపెట్టి కొనబడినది, మనిషి సొంతం కానిది. అందులో నివసించే ఆత్మ దేవుడు అనుగ్రహించినది. అందుకే దానిని విచ్చలవిడిగా వాడుకోవడం ఎంత తప్పో, హింసించడమూ అంతే తప్పు. కొలస్సీ పత్రిక 2వ అధ్యాయం దేహశిక్షను జ్ఞానంలా కనిపించేదిగా మాత్రమే పేర్కొంటుంది. ఉపవాసం ఈ సంప్రదాయంలో ఉన్నా, అది దేహద్వేషం కాదు. రోగిని నూనెతో అభిషేకించమని యాకోబు పత్రిక చెప్పడంలోనూ దేహం పట్ల ఈ ఆదరమే కనిపిస్తుంది.

అపొస్తలుల విశ్వాసప్రమాణంలో సంఘం ‘శరీర పునరుత్థానము’ను నమ్ముతున్నట్లు పలుకుతుంది. దాని లాటిన్ పాఠంలోని ‘కార్నిస్’ కూడా మాంసమనే అర్థమిచ్చే పదమే. ఇలా ఒకే ఆరాధనలో ప్రమాణం చెప్పేటప్పుడు నిరీక్షణకు ఆస్పదమైన ‘శరీరం’ కాసేపటికి ప్రసంగంలో శత్రువుగా వినబడే అవకాశం ఉంది.