విండోస్ 7లో ప్రింటర్ మొరాయిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

అయిజ నుంచి గద్వాలకో, పెబ్బేరు నుంచి వనపర్తికో, కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్‌కో సర్టిఫికెట్ పని మీద వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. తీరా జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ కొట్టాక 'ప్రింటర్ ఆఫ్‌లైన్' అని వస్తే? దరఖాస్తుకు అదే ఆఖరి రోజైతే ఇక చెప్పక్కర్లేదు. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి కాబట్టి కాగితాల పని ఇక్కడికే వస్తుంది. చిన్న సెంటర్లలో మాత్రం ఇంకా విండోస్ 7 కంప్యూటర్లే నడుస్తుంటాయి. "నిన్నటిదాకా మంచిగనే పనిచేసింది" అంటారా? అయితే చాలాసార్లు ప్రింటర్ పాడవలేదన్నమాట.

ముందుగా కేబుల్ సంగతి. ఊడ్చేటప్పుడు యూఎస్‌బీ వైరు తీసి వేరే సాకెట్‌లో పెడితే, విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని 'కాపీ 1' పేరుతో ఇంకో ఐకాన్ పెట్టేస్తుంది. మనం పాతదానికే ప్రింట్ ఇస్తాం, అది ఆఫ్‌లైన్ అంటుంది. వైరును పాత సాకెట్‌లోనే పెట్టండి. లేదంటే 'డివైసెస్ అండ్ ప్రింటర్స్'లోకి వెళ్లి కొత్త ఐకాన్‌ను డీఫాల్ట్‌గా మార్చండి.

కరెంటు పోయి వచ్చాక ప్రింట్ రావట్లేదా? సెంటర్లలో బాగా వాడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి ప్రింటర్లు తమ ఫర్మ్‌వేర్‌ను లోపల దాచుకోవు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవరే దాన్ని పంపాలి. అందుకే ప్రింటర్ ఆఫ్ చేసి, విండోస్ పూర్తిగా లోడ్ అయ్యాక ఆన్ చేయండి. చిన్న పనే, కానీ మెకానిక్ ఖర్చు తప్పిస్తుంది.

లైన్‌లో ఒక ప్రింట్ ఇరుక్కుని, డిలీట్ కొట్టినా పోకపోతే స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' వెతికి, 'ప్రింట్ స్పూలర్'ను స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడున్న ఫైళ్లన్నీ తీసేసి, స్పూలర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి. ఫోల్డర్‌ను తీసేయకండి, ఫైళ్లు మాత్రమే. ఆ ఇరుక్కున్నది ఎవరి ఆధార్ కాపీయో కావచ్చు, దాన్ని అక్కడ వదిలేయడమూ మంచిది కాదు.

అసలు తలనొప్పి కొత్తగా డ్రైవర్ వేసేటప్పుడే. 'కంప్యూటర్' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 32 బిట్టా, 64 బిట్టా చూడండి. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి ఎక్కదు. సెటప్ అడిగేదాకా యూఎస్‌బీ వైరు పెట్టొద్దు. ఇవన్నీ సరిగ్గా చేసినా 'డిజిటల్ సిగ్నేచర్ వెరిఫై కాలేదు' అని వస్తే తప్పు మీది కాదు. కొత్త డ్రైవర్లకు ఎస్‌హెచ్‌ఏ-2 అనే సంతకం ఉంటుంది, అప్‌డేట్ లేని విండోస్ 7 దాన్ని గుర్తుపట్టదు. సర్వీస్ ప్యాక్ 1 ఉన్న కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419 అప్‌డేట్లు వేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. డ్రైవర్‌ను కూడా కంపెనీ సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో పైన కనిపించే 'డ్రైవర్ అప్‌డేటర్' సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

ప్రింటర్‌ను పక్క కంప్యూటర్‌తో షేర్ చేస్తే 0ఎక్స్0000011బి అనే ఎర్రర్ వస్తోందా? 2021 సెప్టెంబర్ భద్రతా అప్‌డేట్ల తర్వాత మొదలైన గొడవ ఇది. రిజిస్ట్రీ మార్చి దాటేయమని యూట్యూబ్‌లో చెబుతుంటారు. దానివల్ల ఆ రక్షణ పోతుంది. వైరును కొత్త కంప్యూటర్‌కే పెట్టి, దానికి సరిపోయే డ్రైవర్ వేసుకోవడం నయం.

విండోస్ 7కు మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే ముగిసింది, క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఏదైనా సైట్ తెరుచుకోకపోతే ఫోన్‌లో పీడీఎఫ్ దించుకుని, కేబుల్‌తో కాపీ చేసి ప్రింట్ తీయండి. బ్యాంకు లాగిన్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కంప్యూటర్‌లో కొట్టకండి. దాన్ని ప్రింట్లకే ఉంచండి.