మందు, మాట, చందా

కేన్సర్ మీద పరిశోధన చేసే డాక్టరుకు రేడియో కార్యక్రమంతో ఏం పని? బేస్‌బాల్ ఆటగాళ్లతో ఏం పని? సూక్ష్మదర్శిని ముందు కూర్చోవలసిన మనిషి జనం ముందుకు వచ్చి చందా అడగడమేమిటి? వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు ఈ ప్రశ్నలే తట్టాయి. ఎందుకంటే ఈ కథలో సగం అమెరికాలోని బోస్టన్ నగరానిది, మిగతా సగం మన భీమవరం కుర్రవాడిది.

ఆ కుర్రవాడు యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (పదో తరగతి తప్పి దిగులుగా ఉన్నవాళ్లు ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోవచ్చు.) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా ప్రయాణానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు ఇచ్చారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయపడింది. అంటే ఆయన కూడా మనలాగే ఇతరుల సొమ్ముతో చదువుకున్నవారే! బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి కడిగే పని. అలా మొదలైన జీవితం 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు చేరింది.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ ఇది. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఎ. తయారు కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తకణాలు నిత్యం పుడుతూనే ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ అవసరం.

ఇక బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ఆయన పాథాలజిస్టు. ఆ రోజుల్లో రక్త కేన్సర్, అంటే లుకేమియా, వచ్చిన పిల్లవాడు కొన్ని వారాలో నెలలో బతికేవాడు. ఇవ్వడానికి మందంటూ లేదు. ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగింది. కలుపుకు యూరియా వేసినట్లయింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారేమో. ఆయన మాత్రం తిరగేసి ఆలోచించారు: ఎరువు వేస్తే పెరిగే కలుపు, ఎరువు అందకుండా చేస్తే ఎండిపోవాలి కదా!

ఆ అందకుండా చేసే మందు సుబ్బారావు గారి బృందం దగ్గర ఉంది. పేరు అమినోప్టెరిన్. దాని వెంటే వచ్చినది మెథోట్రెక్సేట్. ఇవి ఎలా పనిచేస్తాయో మన హాస్టల్ భాషలో చెబుతాను. స్టోర్ రూమ్ తాళంలో అచ్చం అసలు చెవిలాగే ఉండే దొంగ చెవిని ఎవరో దూర్చారనుకోండి. అది తిరగదు, బయటికీ రాదు. అసలు చెవి పట్టుకుని వార్డెన్ గారు వచ్చినా దూర్చడానికి చోటు లేదు. బియ్యం బయటికి రావు, పొయ్యి వెలగదు. ఈ మందు కూడా ఫోలిక్ ఆమ్లం ఆకారంలోనే ఉండి, కణంలోని ఒక ఎంజైముకు అంటుకుపోతుంది. డి.ఎన్.ఎ. తయారీ ఆగిపోతుంది. అందరికంటే ముందు దెబ్బతినేది అందరికంటే ఆబగా పెరిగే కేన్సర్ కణమే. అయితే పొయ్యి ఆగితే అల్లరి చేసినవాడితో పాటు బుద్ధిమంతుడూ పస్తుండాలి. నోటి లోపలి పొర, పేగులు, జుట్టు కుదుళ్లు కూడా వేగంగా పెరిగే కణాలే. కీమో తీసుకునేవారికి నోటి పూత, వాంతులు, జుట్టు రాలడం ఇందువల్లే. ఇది చెడ్డ మందు అనీ, జుట్టు ఊడిందంటే ప్రాణం మీదికి వచ్చిందనీ ఊళ్లలో చెప్పుకునే మాటల్లో నిజం లేదు.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ ఈ మందు మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగుదల కనిపించింది. ఆ మెరుగు తాత్కాలికమేనని, జబ్బు నయం కాలేదని కూడా ఆయన అందులోనే రాశారు. నా మట్టుకు నాకు ఆ 10 అంకె కంటే ఈ ఒప్పుకోలే పెద్దది. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన జనాన్ని డబ్బు అడుగుతున్నారు. అడిగేవాడికి గొప్పలు చెప్పాలనే ఆశ పుట్టడం సహజం.

డబ్బు ఎందుకు కావలసి వచ్చింది? మందు దొరికితే సరిపోదు. రక్తపరీక్షలు చేసే మనుషులు, పడకలు, ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించే డాక్టర్లు కావాలి. ఫార్బర్ వినోదరంగం వారి వెరైటీ క్లబ్ అనే సంఘంతో చేయి కలిపారు. 1948 మే 22న రాత్రి ఒక జాతీయ రేడియో కార్యక్రమం హాలీవుడ్ నుంచి నేరుగా బోస్టన్ ఆసుపత్రి గదికి కలిసింది. మంచం మీద 12 ఏళ్ల అబ్బాయి. పొట్టలో లింఫోమా అనే కేన్సర్. రేడియో ఆయన అడుగుతుంటే తనకు ఇష్టమైన బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాళ్ల పేర్లు చెబుతున్నాడు. చెప్పిన పేరు గల ఆటగాడు నిజంగానే గదిలోకి నడిచి వస్తున్నాడు! ఆ అబ్బాయికి ఆట చూసుకోవడానికి టెలివిజన్ కొనిద్దాం, పరిశోధనకు 20 వేల డాలర్లు పోగుచేద్దాం అని శ్రోతలను అడిగారు. ఆ ఏడాది వచ్చినది 2 లక్షల 31 వేల డాలర్ల పైచిలుకు. ఆ నిధితో కట్టిన భవనం 1952లో తెరుచుకుంది. ఇప్పటి డానా-ఫార్బర్ కేన్సర్ సంస్థకు మూలం అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రేడియోలో ఆ అబ్బాయిని ‘జిమ్మీ’ అన్నారు. అది అసలు పేరు కాదు. పిల్లవాడి బతుకు బజారున పడకుండా పేరు మార్చారు. నిధికి మాత్రం ‘జిమ్మీ ఫండ్’ అనే పేరు స్థిరపడిపోయింది. జిమ్మీ ఎప్పుడో చనిపోయి ఉంటాడని చాలామంది అనుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత, 1998లో, ఆయన బయటికి వచ్చారు. పేరు ఐనార్ గుస్తాఫ్‌సన్, మెయిన్ రాష్ట్రంలో లారీ డ్రైవరుగా పనిచేసిన మనిషి! అన్నేళ్లూ ఎవరి జాలి చూపూ తగలకుండా, పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచుకుని బతికారు. 2001 జనవరిలో కన్నుమూశారు.

ఈ సంగతి మనకు ఎక్కువ అర్థమవుతుంది. మా రోజుల్లో ఒక సంస్థ వారు దుప్పట్లు పంచడానికి వచ్చారు. దుప్పటి చేతికి ఇచ్చి, ఫోటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని, మళ్లీ ఇచ్చారు. దుప్పటి వెచ్చగానే ఉంది, కాదనను. కానీ తీసుకున్నవాడి ముఖం తాకట్టు పెట్టకుండా కూడా చందా వసూలు చేయవచ్చని 1948లోనే ఒక డాక్టరు చూపించారు. ఆయన పద్ధతిలో వంక లేదని కాదు, ఆ పిల్లవాడి గొంతును లోకమంతా వింది మరి. అయినా పేరు దాచారు.

ఆ వేసవి తర్వాత, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. రేడియోలో ఆయన పేరు మోగలేదు. ఆయనకు ముందుకు తోసుకువచ్చే అలవాటూ లేదు. మెథోట్రెక్సేట్‌ను మాత్రం ఈనాటికీ లుకేమియా పిల్లలకు వాడుతున్నారు, కీళ్లవాతానికి కూడా ఇస్తున్నారు. మంచి వైద్యం అందే చోట్ల ఇప్పుడు పిల్లల లుకేమియాలో పదింట తొమ్మిది వరకు నయమవుతున్నాయి.

మన దగ్గర కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. ఎన్.టి. రామారావు గారు భార్య బసవతారకం గారిని కేన్సర్‌తో పోగొట్టుకున్నాక ఆమె పేరు మీద ఆసుపత్రి తలపెట్టారు. అమెరికాలోని తెలుగు డాక్టర్లు తోడు నిలిచారు. హైదరాబాద్‌లో ఆ ఆసుపత్రి 2000 జూన్‌లో ప్రారంభమైంది. అందులో పాలుపంచుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు గారు మన కర్నూలు వైద్య కళాశాలలో చదివి, న్యూయార్క్‌లో రేడియేషన్ వైద్యంలో పేరు గడించినవారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు.

డాక్టర్ పి. రఘురామ్ గారిది మరో దారి. తల్లి డాక్టర్ ఉషాలక్ష్మి గారికి రొమ్ము కేన్సర్ వచ్చింది. ఆయన ఇంగ్లండు వదిలి వచ్చి 2007లో హైదరాబాద్‌లో ఆమె పేరుతో ఫౌండేషన్ పెట్టారు. రొమ్ము అనే మాట భర్తతో కూడా అనలేక గడ్డను ఏళ్ల తరబడి దాచుకునే ఆడవాళ్లున్న దేశం మనది. ఆ సిగ్గు పోగొట్టడానికి నడకలు పెట్టారు, అక్టోబరు నెలలో కట్టడాలకు గులాబీ దీపాలు వెలిగించారు. దీపాల కంటే ఆయన పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు ఇప్పించిన శిక్షణే నాకు గొప్పగా తోస్తుంది. దానితో 2012 నుంచి 2016 వరకు రెండు లక్షల మందికి పైగా పేద మహిళలకు రొమ్ము పరీక్ష జరిగింది.

ఈ పద్ధతి మన ఆళ్లగడ్డ వారికి కొత్తదేమీ కాదు. అహోబిలం పారువేటలో కనుమనాడు స్వామివారే పల్లకి ఎక్కి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి తన పెళ్లికి అందరినీ పిలుస్తారు కదా! కొండకు రాలేనివారి దగ్గరికి కొండే దిగి వస్తుంది. వైద్యం కూడా అలా దిగి రావాలి. ఎందుకంటే మన వైపు నోట్లో పుండును వేడి చేసిందనుకుని నెలలు గడిపేస్తారు. గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ అలవాటున్నవారికి మూడు వారాలైనా మానని పుండు గానీ, తెల్ల మచ్చ గానీ, నోరు సరిగా తెరుచుకోకపోవడం గానీ ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఈ ఒక్క ముక్క సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతకు, నాన్నకు, పెద్దనాన్నకు చెప్పండి. చదువుకున్న పిల్లవాడు చెబితే వింటారు, విసుక్కుంటూ అయినా వింటారు.

ఇక డబ్బు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం పేదలకు కేన్సర్ చికిత్స ఖర్చు భరిస్తుంది. తిరుపతిలో 2022 నుంచి టాటా వారి సహకారంతో కేన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ లుకేమియా పిల్లవాడికి చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. వెంట వెళ్లిన తల్లికి ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ, భోజనం, రాత్రి పడక ఎవరిస్తారు? కాస్త కోలుకోగానే చాలామంది మధ్యలో మానేసేది ఇందుకే. మానేస్తే జబ్బు తిరగబడుతుంది.

అందుకే పూర్వ విద్యార్థులకు నా ప్రతిపాదన. నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి చికిత్సకు వెళ్లే పిల్లల దారిఖర్చులకు ఒక చిన్న పెట్టె పెడదాం. భవనాలు కట్టలేం, మందులు కనిపెట్టలేం, టికెట్టు కొనగలం. పేరు రాయవద్దు, ఫోటో తీయవద్దు. వచ్చినదీ పోయినదీ ప్రతి నెలా నోటీసు బోర్డు మీద అంటించాలి. పెట్టె తాళంచెవి ఒకరి దగ్గర, లెక్కల పుస్తకం మరొకరి దగ్గర ఉంటే మంచిది.