మీకు తెలుసా? దుర్యోధనుడి కోసం కంటతడి పెట్టించే నాటకం ఉంది

రంగస్థలం మీద చావు చూపించకూడదన్నది సంస్కృత నాటక సంప్రదాయం. ఆ కట్టుబాటును దాటిన ఏకాంకం 'ఊరుభంగం'. అప్పటి తిరువాంకూరు సంస్థానంలో దొరికిన తాళపత్రాల నుంచి పండితుడు టి.గణపతిశాస్త్రి 1912 మొదలుకొని ప్రాచీన సంస్కృత నాటకకర్త భాసుడివిగా ప్రచురించిన 13 నాటకాల్లో ఇదొకటి.

భీముడితో గదాయుద్ధం ముగిసింది. తొడలు విరిగి దుర్యోధనుడు నేల మీద పడి ఉన్నాడు. చిన్న కొడుకు దుర్జయుడు వెతుక్కుంటూ వచ్చి, ఎప్పటిలాగే నాన్న ఒడిలో కూర్చోబోతాడు. తండ్రి వారిస్తాడు. ఎందుకు వద్దంటున్నాడో పిల్లవాడికి అర్థం కాదు. నిండు సభలో ద్రౌపదికి చూపించిన తొడే అది! చేసిన పాపానికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కవీ వేయలేదనిపిస్తుంది.

తనను కొట్టింది భీముడు కాదనీ, ఆ గదలో దూరిన కృష్ణుడే తనను మృత్యువుకు అప్పగించాడనీ దుర్యోధనుడు అంటాడు. విధిని అలా ఒప్పుకున్నా, చివరి నిర్ణయం మాత్రం తనదే. భారతంలో ఇదే దుర్యోధనుడు పగ తీర్చుకోమని అశ్వత్థామను సేనాపతిని చేస్తాడు. భాసుడి దుర్యోధనుడు అలా చేయడు. మండిపడుతున్న బలరాముణ్ణి శాంతింపజేస్తాడు, తనను సేవించినట్టే పాండవులనూ సేవించమని కొడుక్కి చెబుతాడు, పగ వదిలెయ్యమని అశ్వత్థామను బతిమాలుకుంటాడు.

అశ్వత్థామ వినడు. దుర్యోధనుడు ప్రేక్షకుల కళ్లెదుటే ప్రాణం విడుస్తాడు.