ఇంటర్వెల్ ఆపితే క్రమశిక్షణ వస్తుందా?

"కుదురుగా కూర్చోవడం లేదు కదా, ఈ రోజు నీకు ఇంటర్వెల్ లేదు." మన బళ్లలో తరచూ వినిపించే మాట ఇది. బెత్తం పక్కన పెట్టాక చాలామంది టీచర్ల చేతిలో మిగిలిన సులువైన శిక్ష ఇదే. వాత తేలదు కాబట్టి తల్లిదండ్రులూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఏడీహెచ్‌డీ, ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఈ శిక్ష చేసే కీడు చాలా ఎక్కువ. ఎందుకో నెమ్మదిగా చూద్దాం.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ధ్యాస నిలుపుకోవడం, తోచిన పనిని కాసేపు ఆపుకోవడం కష్టం. ధ్యాసనూ నిగ్రహాన్నీ నడిపే మెదడు భాగాలు వాళ్లలో తోటివారికంటే ఆలస్యంగా పరిణతి చెందుతాయి. అందుకే రెండు పీరియడ్లు కూర్చునేసరికి వాళ్ల ఓపిక అయిపోతుంది. కాసేపు పరుగెత్తి వస్తే ధ్యాస కొంత మెరుగుపడుతుంది. ఆ పరుగును ఆపేస్తే తర్వాతి పీరియడ్‌లో ఇంకా ఎక్కువ కదులుతారు, మళ్లీ శిక్ష పడుతుంది. పైగా పొద్దున చేసిన తప్పుకు మధ్యాహ్నం శిక్ష వేస్తే, అది దేనికి పడిందో చాలామంది పిల్లలకు తెలియనే తెలియదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2013లోనే ఈ సంగతి తేల్చి చెప్పింది: శిక్ష పేరుతో గానీ చదువు పేరుతో గానీ పిల్లల ఆటవిడుపును ఆపకూడదు.

ఆటిజం ఉన్న పిల్లల తిప్పలు వేరు. క్లాసులో ఎక్కడ కూర్చోవాలో, దేని తర్వాత ఏది వస్తుందో వాళ్లకు తెలుసు. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆ ఆధారం పోతుంది. అరుపులు, తోపులాట, మధ్యలో మారిపోయే ఆట నియమాలు ఒక్కసారిగా మీద పడతాయి. ఊపిరాడనట్టయి ఆ పిల్లవాడు పక్కవాణ్ని తోసేస్తాడు. పెద్దల కంట పడేది ఆ ఒక్క తోపే. మాట సరిగా రాని పిల్లవాడికి 'నన్ను వదిలేయండి' అని చెప్పడానికి ఉన్న దారి అదే కావచ్చు. కాబట్టి 'ఏం చేశాడు' అన్నదానికంటే ముందు 'అంతకుముందు ఏం జరిగింది' అని అడగాలి. ఎప్పుడు, ఎక్కడ, ముందు ఏమైంది, తర్వాత ఎవరేం చేశారు అని వారం రోజులు రాసి చూస్తే కారణం చాలాసార్లు దానంతట అదే బయటపడుతుంది.

చట్టం ఏమంటోంది? విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, అందరి ముందూ నిలబెట్టి అవమానించడం ఈ నిషేధాన్ని కాదని చేసే పనులే. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే బడి అయినా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడి అయినా, వైకల్యం ఉన్న పిల్లలకు ఆటపాటల్లో మిగతావారితో సమానంగా అవకాశం ఇవ్వాలనీ, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు కల్పించాలనీ 16వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆట ఈ పిల్లల హక్కు. మంచిగా ఉంటేనే దక్కే బహుమతిగా దాన్ని చూడకూడదు.

"మరి మిగతా పిల్లల మాటేమిటి? దెబ్బ తిన్నవాడి సంగతేమిటి?" అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొట్టకూడదన్న నియమం అందరికీ ఒకటే. దాన్ని పాటించడానికి కావలసిన సాయం మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. గొడవ జరిగితే పిల్లల్ని వెంటనే విడదీయాలి, దెబ్బ తగిలినవాణ్ని చూసుకోవాలి. రెండోవాణ్ని నీడపట్టున నెమ్మదించనివ్వాలి. ఆ తర్వాత మళ్లీ ఆటలోకి పంపాలి. పోట్లాడకుండా ఆడటం ఆడుతూనే నేర్చుకోవాలి తప్ప క్లాసులో ఒంటరిగా కూర్చుంటే రాదు.

గొడవ రాకుండా చూడటానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందే అలాంటి పిల్లవాడికి చెప్పి ఉంచాలి. ఇష్టంగా ముందుకొచ్చిన ఒకరిద్దరు నేస్తాల్ని జత చేయాలి. గ్రౌండులో ఒక మూల గోల లేకుండా చూడాలి. తొక్కుడుబిళ్ల లాంటి, వంతులు తేలిగ్గా తెలిసే ఆటలు పెట్టాలి. పీఈటీ మాస్టారో మరో టీచరో దగ్గర్లో ఉండి, గొడవ ముదరక ముందే కలగజేసుకోవాలి.

తల్లిదండ్రులు పోట్లాటకు దిగకుండా కాగితంతో మొదలుపెట్టడం మంచిది. బిడ్డ ఇబ్బంది ఏమిటో, ఏం చేస్తే నెమ్మదిస్తాడో ఒక పేజీలో రాసి హెచ్‌ఎంకు, క్లాస్ టీచరుకు ఇవ్వండి. డాక్టరు ఇచ్చిన పత్రం ఉంటే జత చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయుల సలహా తీసుకోండి. మాట చెల్లకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కు మీకుంది.

ప్రతి బడీ తన నియమాల్లో ఒక్క వాక్యం చేర్చుకుంటే ఈ చిక్కులో సగం తీరుతుంది: ఏ తప్పుకూ ఏ పిల్లల ఇంటర్వెలూ ఆపకూడదు. అలా రాసిన రోజు నుంచి టీచర్లు వేరే దారులు వెతుకుతారు. ఆ దారులు బడిలోని పిల్లలందరికీ పనికొస్తాయి.