గ్లాసులో మామిడి వాసన

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర చిన్న పల్లె. రెండెకరాల తోతాపురి తోట ఉంది. ఇంజనీరింగ్ తిరుపతిలో చేశా, ఉద్యోగం బెంగళూరులో. ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా బీరు ముట్టలేదు. భక్తి వల్ల కాదు, భయం వల్ల. తాత సారా తాగి ఇంటికొచ్చిన రాత్రుల గురించి అవ్వ చెబుతుంటే వింటూ పెరిగాను. మా ఇంట్లో మందు అంటే గొడవ అనే అర్థం.

2025 జూలైలో ప్రాజెక్ట్ రిలీజ్ అయిందని టీమంతా ఇందిరానగర్‌లోని ఓ చిన్న బ్రూవరీకి వెళ్లాం. బెంగళూరులో 2010లో టోయిట్, 2012లో ఆర్బర్ మొదలయ్యాక ఇలాంటి చోట్లు చాలా వచ్చాయి. అద్దం వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, ముందు టేబుళ్లు. బీరు అక్కడే తయారవుతుంది, అక్కడే తాగుతారు.

ఫ్రెండ్ నా ముందు ఓ గ్లాసు పెట్టాడు. పేల్ ఏల్ అట. తేనె రంగులో ఉంది, పైన తెల్లటి నురుగు. తాగాలని కాదు, ఊరికే వాసన చూశా. ఒక్కసారిగా మా తోట గుర్తొచ్చింది. అచ్చం మాగిన మామిడి వాసన!

"ఇందులో మామిడి రసం వేస్తారా?" అని అక్కడి కుర్రాణ్ణి అడిగా. "లేదు సార్, అది హాప్స్ వాసన" అన్నాడు.

హాప్స్ అంటే ఓ తీగ మొక్కకు కాసే పచ్చటి పూలు. చల్లటి దేశాల్లో పెరుగుతాయి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్‌లో పండిస్తారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసాన్ని హాప్స్‌తో కలిపి మరిగిస్తే చేదు దిగుతుంది. కానీ మరిగితే వాసన ఆవిరితో పోతుంది. అందుకే ఈస్ట్ వేసి పులిశాక మళ్లీ కొన్ని హాప్స్ వేస్తారు. చారు దించాక కొత్తిమీర చల్లినట్టన్నమాట. సిట్రా లాంటి అమెరికన్ రకాలకు మామిడి వాసన ఉంటుందట.

ఈ బీరుకీ మనకీ పాత చుట్టరికం కూడా ఉంది. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఓడల్లో మన దేశానికి బీరు వచ్చేది. నెలల ప్రయాణంలో పాడవకుండా హాప్స్ దండిగా వేసేవాళ్లు. అదే తర్వాత ఇండియా పేల్ ఏల్ అయింది.

ఒక గుక్క తాగా. ముందు తియ్యగా తగిలి, ఆ వెంటనే వేపపుల్ల నమిలినట్టు చేదు. మింగాక నాలుక మీద నిమ్మతొక్క రుచి. నిజం చెప్పాలంటే బాగుంది. బాగుండటమే నన్ను భయపెట్టింది.

బిల్లు చూస్తే గ్లాసు 450 రూపాయలు. ఆ ఏడాది తోతాపురికి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకి 12 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. లెక్కేస్తే నా గ్లాసు ముప్పై ఏడు కిలోల కాయలు. అవి అమ్ముకోవడానికి మా నాయన ట్రాక్టర్ పెట్టుకుని ఓ పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట రెండు రాత్రులు పడుకున్నాడు. ఇక్కడేమో మామిడే లేని మామిడి వాసనకి ఇంత రేటు!

సరిగ్గా అప్పుడే నాయన ఫోన్. బయటికొచ్చి మాట్లాడా.

"యాడుండావు రా? ఏందా గోల?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "బీరు తాగతా ఉండా నాయనా. మన తోట వాసనొస్తా ఉంది."

కాసేపు మాట లేదు. తిడతాడేమో అనుకున్నా.

"ఎన్ని గ్లాసులు?"

"ఒకటే నాయనా."

"మీ తాత కూడా ఒకటే అనేవాడు లే" అని ఫోన్ పెట్టేశాడు.

లోపలికెళ్లి చూస్తే గ్లాసులో ఇంకా సగం ఉంది, నురుగు దిగిపోయింది. మామిడి వాసన మాత్రం అట్లే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి మెట్రో ఎక్కా. మర్నాడు ఊరికి బస్ టికెట్ బుక్ చేసుకున్నా. తోటలో ఇంకా కాయలు కోయాల్సినవి ఉన్నాయి.